ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో యుద్ధాల ఆనవాళ్ళు: ఎవరితో వెళ్తే ఎక్కడికి వెళ్ళాలి

మే నెలాఖరు వచ్చిందంటే డల్లెస్ ఎయిర్‌పోర్టులో మన పెద్దవాళ్ళు వీల్‌చైర్లలో వరసగా బయటికొస్తుంటారు. ఇది టెక్సాస్‌లోని డాలస్ కాదని ఊళ్ళో చుట్టాలకు ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు, అది వేరే సంగతి. మొదటి వారం జెట్‌లాగ్‌తోనే పోతుంది. రెండో వారం గుడి, ఇండియన్ స్టోరు. మూడో వారం వాషింగ్టన్ డీసీలో తెల్లటి కట్టడాల ముందు ఫొటోలు. నాలుగో శనివారం పొద్దున్నే కాఫీ తాగుతూ నాన్న అడుగుతాడు: "ఏరా, మీ చుట్టుపక్కల చూడ్డానికి ఏమీ లేవా?"

లేకేం. వర్జీనియాలోని ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ అనగానే మనకు హెర్న్‌డన్, షాంటిలీ, సెంటర్‌విల్ టౌన్‌హౌసులూ, స్కూలు రేటింగులూ గుర్తొస్తాయి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిదే. 2020 లెక్కల ప్రకారం పదకొండున్నర లక్షల జనం. ఇదే కౌంటీలో జార్జ్ వాషింగ్టన్ ఇల్లుంది, హిరోషిమా మీద బాంబు వేసిన విమానముంది, అమెరికా సైన్యం మొత్తానికి జాతీయ మ్యూజియం ఉంది, అంతర్యుద్ధంలో ఒకే సాయంత్రం ఇద్దరు జనరల్స్ చనిపోయిన చోటు షాపింగ్ సెంటర్ల మధ్య ఉంది. సమస్యల్లా, ఇన్నిటిలో ఏది ఎంచుకోవాలన్నదే.

చాలామంది పేరును బట్టి ఎంచుకుంటారు. నేనైతే కారులో ఎవరు కూర్చున్నారో చూసి ఎంచుకోమంటాను. మోకాళ్ళ నొప్పులున్న అమ్మ, ప్రతి బోర్డూ ఆసాంతం చదివే నాన్న, పది నిమిషాలకోసారి ఆకలనే పిల్లాడు, ఈ ముగ్గురికీ ఒకే చోటు నచ్చదు. ఈ పాఠం నాకు ఊరికే రాలేదు. మొదటిసారి నాన్న వచ్చినప్పుడు ఉత్సాహం కొద్దీ ఒకే రోజు పొద్దున ఒక పెద్ద మ్యూజియం, మధ్యాహ్నం ఇంకోటి పెట్టాను. రెండోదాంట్లో సగంలోనే ఆయన బెంచీ మీద కూర్చుని "నువ్వు చూసిరా, నేనిక్కడే ఉంటా" అన్నాడు. రెండు గంటలు అక్కడే ఉన్నాడు. అప్పటినుంచి మా ఇంట్లో రోజుకు ఒక పెద్దది, వీలైతే దానికి తోడు ఒక చిన్నది. అంతకు మించి లేదు.

విమానాల మ్యూజియమా, సైన్యం మ్యూజియమా

అందరూ ముందు అడిగేది ఇదే. రెండిటికీ ప్రవేశం ఉచితం, రెండూ ఏసీలోనే, రెండూ క్రిస్మస్ రోజు తప్ప ఏడాదంతా తెరిచే ఉంటాయి. అయినా రెండిటి స్వభావం పూర్తిగా వేరు.

డల్లెస్ రన్‌వేల పక్కన షాంటిలీలో ఉన్నది ఉడ్వార్ హాజీ సెంటర్. డీసీలోని స్మిత్సోనియన్ విమాన, అంతరిక్ష మ్యూజియానికి ఇది రెండో భాగం, 2003 డిసెంబరులో తెరిచారు. ఎయిర్‌పోర్టు హ్యాంగరంత హాలు. తలుపు దాటి నాలుగడుగులు వేసి కిందికి చూస్తే నల్లగా, పడగ విప్పిన పాములా గూఢచారి విమానం ఎస్ఆర్-71 బ్లాక్‌బర్డ్ కనిపిస్తుంది. 1990 మార్చి 6న లాస్ ఏంజెలెస్ నుంచి వాషింగ్టన్‌కు 1 గంట 4 నిమిషాల 20 సెకన్లలో వచ్చింది ఈ విమానమే. అలాంటిదే ఇంకోటి కాదు, అచ్చంగా ఇదే. దాని వెనక గదిలో డిస్కవరీ స్పేస్ షటిల్. 39 సార్లు అంతరిక్షానికి వెళ్ళొచ్చింది, 2012లో ఇక్కడికి చేరింది. సునీతా విలియమ్స్ 2006 డిసెంబరులో మొట్టమొదటిసారి అంతరిక్షానికి వెళ్ళింది ఇందులోనే. ఈ ఒక్క ముక్క చెబితే చాలు, మన పెద్దవాళ్ళు అప్పటిదాకా మామూలుగా చూస్తున్న వాళ్ళు కాస్తా ఫోను తీసి ఫొటోలు మొదలుపెడతారు. దగ్గరికెళ్ళి చూడండి. కింది భాగంలో నల్ల పలకలు పేర్చినట్టుంటాయి, ఒక్కో పలక మీద దాని నంబరు. వేడికి కాలి, చారలు పడి, దీపావళి మర్నాడు గోడ మీద మసిలా ఉంటుంది. బొమ్మల్లో చూసే తెల్లటి మెరుపు ఉండదు, అందుకే నాకు నచ్చుతుంది.

ఎనోలా గే దగ్గర మాత్రం కొంచెం ఆగాలి. 1945 ఆగస్టు 6న హిరోషిమా మీద అణుబాంబు వేసిన బీ-29 ఇదే. తళతళలాడే అల్యూమినియం, 141 అడుగుల రెక్కలు. పైలట్ కిటికీ కింద నల్ల అక్షరాలతో పేరు. అది పైలట్ పాల్ టిబెట్స్ కన్నతల్లి పేరని చెబితే మా అమ్మ ఒక్క క్షణం ఏమీ మాట్లాడలేదు. తర్వాత "అమ్మ పేరు పెట్టుకుని ఆ పనికి వెళ్ళాడా?" అంది. అక్కడి బోర్డు మీద ఎక్కువగా ఉండేది విమానం సంగతులే, చనిపోయినవాళ్ళ సంగతి కాదు. 1990ల మధ్యలో దీని ప్రదర్శన మీద అమెరికాలో పెద్ద గొడవే జరిగింది. పిల్లలు వెంట ఉంటే ఏం చెప్పాలో ముందే ఆలోచించుకుని వెళ్ళండి, వాళ్ళు అడక్క మానరు.

ఇంకో సంగతి. చాలామంది దాటిపోయే ఒక మూల మిగ్-21 ఉంది. 1963 నుంచి మన వైమానిక దళం నడిపి, 2025 సెప్టెంబరులో వీడ్కోలు చెప్పిన రకం అది. ఇక్కడున్నది ఇండియాది కాదు, అయినా మనవాళ్ళు దాని ముందు నిలబడి ఫొటో దిగకుండా రారు. శబ్దం కంటే వేగంగా ప్రయాణికుల్ని మోసిన కాంకార్డ్ విమానం కూడా ఉంది, ఎయిర్ ఫ్రాన్స్ ఇచ్చింది.

పార్కింగుకు 15 డాలర్లు, సాయంత్రం 4 తర్వాత ఉచితం. మూసేది ఐదున్నరకు. గంటన్నరలో చుట్టొచ్చేసే పిల్లలైతే నాలుగింటికి వెళ్ళడమే లాభం. పెద్దవాళ్ళతో అయితే పొద్దున పదింటికే వెళ్ళండి, లోపల వీల్‌చైర్ ఉచితంగా ఇస్తారు. "నాకెందుకురా" అంటారు, తీసుకోండి. అంతా గట్టి నేల, ఈ చివర నుంచి ఆ చివరికి నడిస్తే కాళ్ళు పీకుతాయి.

ఇక సైన్యం మ్యూజియం, అంటే నేషనల్ మ్యూజియం ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్ ఆర్మీ. 2020 నవంబరు 11న ఫోర్ట్ బెల్వాయిర్‌లో తెరిచారు. పేరు వినగానే మనవాళ్ళకు ఒక టెన్షన్: మిలిటరీ బేస్ కదా, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల్ని రానిస్తారా అని. ఆ భయం అక్కర్లేదు. మ్యూజియానికి ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ పార్క్‌వే వైపు నుంచి వేరే దారి ఉంది. బేస్ పాసులేవీ అడగరు, బ్యాగులు స్కాన్ చేస్తారంతే. ఒక్క జాగ్రత్త: జీపీఎస్‌లో ఫోర్ట్ బెల్వాయిర్ అని కొడితే బేస్ గేటు దగ్గరికి తీసుకెళ్తుంది. మ్యూజియం పేరే కొట్టండి. పార్కింగ్ ఉచితం.

లోపలికెళ్ళగానే నిలువెత్తు స్టీలు స్తంభాలు, ఒక్కోదాని మీద ఒక్కో మామూలు సైనికుడి ముఖం, వాళ్ళ కథ. ఉడ్వార్ హాజీలో యంత్రానిదే పెద్దపీట, ఇక్కడ మనిషిది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం నుంచి అఫ్ఘానిస్తాన్ దాకా కాలక్రమంలో గదులు. నాకు అన్నిటికంటే నచ్చింది కోబ్రా కింగ్ అనే షెర్మన్ ట్యాంకు. రెండో ప్రపంచయుద్ధంలో, 1944 డిసెంబరులో, జర్మన్లు చుట్టుముట్టిన బెల్జియంలోని బాస్టోన్ పట్టణంలోకి దారి చేసుకుని ముందుగా చేరిన ట్యాంకు అదే. యుద్ధం అయ్యాక ఎవరూ పోల్చుకోలేదు, ఏళ్ళ తరబడి జర్మనీలోని ఒక అమెరికన్ స్థావరంలో అలంకారంగా నిలబెట్టేశారు. అంత చరిత్ర ఉన్న బండి రోజూ కళ్ళ ముందే ఉన్నా అందరికీ అదో పాత ట్యాంకు. నార్మండీ ఒడ్డున సైనికుల్ని దింపిన పడవ కూడా ఒకటి ఇక్కడుంది. దాని ముందు తలుపు ఎంత పల్చగా ఉందో చూస్తే, అది తెరుచుకున్న క్షణంలో ముందు వరసలో నిలబడ్డవాడి సంగతి ఎవరూ చెప్పక్కర్లేకుండానే అర్థమవుతుంది.

మరి ఏది? ఎనిమిదేళ్ళ లోపు పిల్లలుంటే ఉడ్వార్ హాజీ, ఆలోచించక్కర్లేదు. చదివే అలవాటున్న పెద్దవాళ్ళు, ఇంగ్లీషు బోర్డులు తాపీగా చదువుకోగలిగినవాళ్ళు ఉంటే సైన్యం మ్యూజియం. అక్కడ జనం తక్కువ, తోపులాట ఉండదు. చదవడానికి ఇబ్బంది పడేవాళ్ళకు మాత్రం అది త్వరగా విసుగొస్తుంది. అక్కడి బలమంతా కథలో ఉంది, కథంతా అక్షరాల్లో ఉంది. ఉడ్వార్ హాజీలో ఏ భాషా రాకపోయినా నోరు తెరుచుకుని చూడొచ్చు.

మౌంట్ వెర్నన్: టికెట్టు డబ్బులకు తగ్గదేనా

"అన్నీ ఉచితమే కదా, దీనికెందుకు మనిషికి ముప్పై డాలర్ల దాకా?" అని నన్ను చాలామంది అడిగారు. జార్జ్ వాషింగ్టన్ ఇల్లు ప్రభుత్వానిది కాదు, అందుకు. 1858లో కొందరు ఆడవాళ్ళు సంఘంగా ఏర్పడి, ఊరూరా చందాలు పోగుచేసి, రెండు లక్షల డాలర్లకు ఈ ఇంటినీ 200 ఎకరాలనూ కొన్నారు. ఈ రోజుకీ ఆ మహిళా సంఘమే నడుపుతోంది. ఏడాదిలో 365 రోజులూ తెరుస్తారు. ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే నాడు ఉచితం, కానీ ఆ చలిలో పొటోమాక్ నది గాలికి మన పెద్దవాళ్ళు తట్టుకోలేరు. డబ్బులిచ్చి అక్టోబరులో వెళ్ళడం మేలు.

నా లెక్కలో, అమ్మానాన్నలు మొదటిసారి వచ్చి, ఈ కౌంటీలో ఒకే ఒక్కటి చూస్తామంటే ఇదే చూపించాలి. కారణం, దీనికి వివరణ అక్కర్లేదు. ఇల్లు, వంటిల్లు, గుర్రాల సాల, పెరడు, తోట, సమాధి. ఒక జమీందారు లోగిలి ఎలా నడిచేదో మనవాళ్ళకు చూడగానే అర్థమవుతుంది. బయటి గోడలు రాతితో కట్టినట్టు కనిపిస్తాయి, దగ్గరికెళ్ళి చూస్తే చెక్క. పలకల్ని రాతి దిమ్మల్లా చెక్కి, రంగు వేసి, ఆ రంగు ఆరకముందే ఇసక చల్లారు. మా నాన్న వేలితో గీకబోతే గైడ్ దగ్గింది. లోపల హాల్లో చిన్న గాజు పెట్టెలో ఒక ఇనప తాళంచెవి ఉంటుంది. పారిస్‌లో ఫ్రెంచి విప్లవంలో జనం పడగొట్టిన బాస్టీల్ జైలు తాళంచెవి అది, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన ఫ్రెంచి సేనాని లఫాయెట్ 1790లో వాషింగ్టన్‌కు పంపాడు. మ్యూజియం హాల్లో ఆయన కట్టుడుపళ్ళు కూడా ఉన్నాయి. చెక్కపళ్ళన్న కథ నిజం కాదు. పిల్లలకు ఈ ఒక్కటే గుర్తుంటుంది, ఉండనివ్వండి.

సైనిక చరిత్ర కావాలంటే ఇల్లు ఎందుకు అంటారా? వాషింగ్టన్ బ్రిటిష్‌వాళ్ళ మీద స్వాతంత్ర్య యుద్ధానికని ఈ ఇల్లు వదిలాక ఆరేళ్ళకు, 1781 సెప్టెంబరులో, యార్క్‌టౌన్ వెళ్తూ దారిలో మళ్ళీ ఈ గడప తొక్కాడు. నెల తిరిగేసరికి, అక్టోబరు 19న, అక్కడ బ్రిటిష్ సైన్యం లొంగిపోయింది. లొంగిపోయిన సేనాని పేరు నేను చెప్పగానే హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పిన మా నాన్న అక్కడికక్కడే ఆగిపోయాడు. "కారన్‌వాలీస్సా? మన కారన్‌వాలీస్సేనా?" ఆయనే. ఇక్కడ ఓడినవాణ్ణే బ్రిటిష్‌వాళ్ళు 1786లో మనకు గవర్నర్ జనరల్‌గా పంపారు. టిప్పు సుల్తాన్ మీద గెలిచాడు, 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు విధానం పెట్టాడు. 1802 తర్వాత అదే మన ఉత్తర సర్కారు జమీందారీల మీదికీ వచ్చింది. యార్క్‌టౌన్‌లో లొంగుబాటు రోజున ఒంట్లో బాగాలేదని చెప్పి కత్తి ఇవ్వడానికి వేరే అధికారిని పంపాడని కూడా చెప్పాను. నాన్న దారి పొడవునా దాని మీదే మాట్లాడాడు. నా ముప్పై డాలర్లు అక్కడే గిట్టుబాటయ్యాయి.

బానిసల సంగతి దాటేసి రావద్దు. 1799లో వాషింగ్టన్ చనిపోయేనాటికి ఈ ఎస్టేట్లో 317 మంది బానిసలున్నారు. అందులో 123 మంది ఆయన సొంతం, వాళ్ళకు విముక్తి ఇవ్వాలని వీలునామాలో రాశాడు. మిగతావాళ్ళ మీద ఆయనకు ఆ హక్కు లేదు. వాళ్ళు పడుకున్న గదులు, చెక్క బంకులు చూడొచ్చు. సమాధికి దగ్గర్లోనే, చెట్ల కింద వాళ్ళ శ్మశానం. రాళ్ళ మీద పేర్లుండవు, అసలు రాళ్ళే ఉండవు. అక్కడ రెండు స్మారకాలు పెట్టారు, మొదటిది 1929లో, రెండోది 1983లో.

ఇబ్బందులూ చెప్పాలి. మేడ మీదికి మెట్లున్నాయి. నది ఒడ్డుకి, పొలం వైపుకి దిగే దారి వాలు, ఎక్కేటప్పుడు పెద్దవాళ్ళకు ఆయాసం. ఇంటి లోపలికి టైము ఇచ్చిన టికెట్టు వేరే తీసుకోవాలి, వేసవి వారాంతాల్లో త్వరగా అయిపోతాయి. ఈ మధ్య భవనానికి పెద్ద మరమ్మతులు చేపట్టారు, కొన్ని గదులు మూసి ఉండొచ్చు. బయల్దేరే ముందు వెబ్‌సైట్ చూసుకోండి.

దగ్గర్లోనే గన్‌స్టన్ హాల్ ఉంది, జార్జ్ మేసన్ ఇల్లు. టికెట్టు తక్కువ, జనం తక్కువ. హక్కుల పట్టిక లేదని 1787లో రాజ్యాంగం మీద సంతకం పెట్టనన్న మనిషి ఆయన. రాజ్యాంగం, లా చదివినవాళ్ళకు బాగుంటుంది. మిగతావాళ్ళకు "ఇంకో పాత ఇల్లు" అనిపిస్తుంది.

చిన్న చోట్లు: వీటికి టికెట్టు లేదు, జనమూ ఉండరు

అసలైన యుద్ధభూమి కౌంటీలో ఉందా అంటే, ఉంది. ఐదెకరాలు కూడా లేదు. వెస్ట్ ఆక్స్ రోడ్డు మీద, షాపింగ్ సెంటరుకీ అపార్ట్‌మెంట్లకీ మధ్య ఆక్స్ హిల్ బ్యాటిల్‌ఫీల్డ్ పార్క్. పక్క రోడ్డు మీదుగా నేను ఎన్నో ఏళ్ళు సరుకులకు వెళ్ళాను, అక్కడేముందో తెలీదు. అమెరికా అంతర్యుద్ధంలో, బానిసత్వాన్ని నిలబెట్టుకోవడానికి దేశం నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సైన్యం, దేశం వైపు నిలిచిన ఉత్తరాది సైన్యం 1862 సెప్టెంబరు 1 సాయంత్రం ఇక్కడ తలపడ్డాయి. పక్క కౌంటీలో జరిగిన రెండో మనాసస్ యుద్ధంలో ఓడి వెనక్కి పోతున్న ఉత్తరాది సైన్యానికి అడ్డం పడాలని దక్షిణాది జనరల్ స్టోన్‌వాల్ జాక్సన్ వచ్చాడు. సరిగ్గా అప్పుడే ఉరుములు మెరుపులతో కుంభవృష్టి. మందుగుండు తడిసిపోయి తుపాకులు పేలలేదు, బాయ్‌నెట్లతో పొడుచుకున్నారు.

ఆ వానలో ఉత్తరాది ఇద్దరు జనరల్స్‌ను పోగొట్టుకుంది. ఐజాక్ స్టీవెన్స్ పడిపోతున్న జెండా అందుకుని ముందుకు పరిగెత్తి తూటా తగిలి పోయాడు. ఫిలిప్ కియర్నీకి మెక్సికో యుద్ధంలోనే ఎడమ చెయ్యి పోయింది, ఒంటి చేత్తో గుర్రం నడిపేవాడు. చీకట్లో, వానలో దారి తెలీక శత్రువుల వరసలోకే వెళ్ళిపోయాడు. మర్నాడు దక్షిణాది సేనాని లీ ఆయన శవాన్ని తెల్లజెండాతో గౌరవంగా వెనక్కి పంపాడు. ఇద్దరికీ 1915లో పెట్టిన రెండు రాళ్ళు పక్కపక్కనే ఉన్నాయి. చుట్టూ చిన్న కాలిబాట, కొన్ని బోర్డులు. అరగంట చాలు. జూలై సాయంత్రం మబ్బు పట్టినప్పుడు వెళ్తే ఇక ఏ బోర్డూ చదవక్కర్లేదు, గొడుగు మాత్రం మర్చిపోకండి. ఉత్తరాదివాళ్ళు దీన్ని షాంటిలీ యుద్ధం అంటారు, దక్షిణాదివాళ్ళు ఆక్స్ హిల్ అంటారు. వెతికేటప్పుడు ఈ రెండు పేర్లతో తికమక పడొద్దు.

ఫెయిర్‌ఫాక్స్ స్టేషన్ దగ్గరి సెయింట్ మేరీస్ చర్చి కథ ఆ వారానిదే. రైలు పట్టాలు వేసిన ఐరిష్ కూలీల కోసం 1858లో మొదలుపెట్టిన చిన్న తెల్ల చర్చి. మనాసస్ నుంచి గాయపడ్డవాళ్ళను బళ్ళలో తెచ్చి ఈ కొండవాలులో ఎండుగడ్డి పరిచి వేలమందిని పడుకోబెట్టారు, రైలు వచ్చి డీసీ ఆసుపత్రులకు తీసుకెళ్ళేదాకా. పేటెంట్ ఆఫీసులో గుమాస్తాగా పనిచేసిన క్లారా బార్టన్ అనే ఆవిడ నీళ్ళు, రొట్టె, కట్లు పట్టుకుని రాత్రంతా వాళ్ళ మధ్య తిరిగింది. ఆ రాత్రి ఆవిడ భయం శత్రువుల గురించి కాదు. చేతిలో కొవ్వొత్తి జారి ఆ గడ్డి మీద పడితే లేవలేనివాళ్ళంతా కాలిపోతారు. ఆవిడే 1881లో అమెరికన్ రెడ్ క్రాస్ స్థాపించింది. చర్చిలో ఇప్పటికీ ప్రార్థనలు జరుగుతాయి, వెనక సమాధులున్నాయి. పెళ్ళో అంత్యక్రియలో జరుగుతుంటే కారులోంచే దణ్ణం పెట్టుకుని వచ్చేయండి. నర్సులు, డాక్టర్లు ఉన్న కుటుంబాలకు నేను మనస్ఫూర్తిగా చెప్పే చోటు ఇది. దగ్గర్లోని చిన్న రైల్వే మ్యూజియం ఆదివారం మధ్యాహ్నాలు తెరుస్తారు, రైళ్ళ పిచ్చి ఉన్న పిల్లలకు చాలు.

ఫోర్ట్ హంట్ పార్క్ వేరే రకం. మౌంట్ వెర్నన్‌కు పది నిమిషాల దూరం, పొటోమాక్ పక్కన. వేసవిలో పిక్నిక్కులకు చాలామంది వెళ్తారు, గ్రిల్లు పొగల మధ్య పాత కాంక్రీటు ఫిరంగి కట్టడాలు కనిపిస్తాయి. అవి 1890ల చివర్లో, వాషింగ్టన్ మీదికి ఓడలు రాకుండా కట్టినవి. అసలు కథ రెండో ప్రపంచయుద్ధానిది. అప్పుడీ స్థలానికి పేరు లేదు, "పోస్ట్ బాక్స్ 1142" అన్న చిరునామా ఒక్కటే. 3,400 మందికి పైగా జర్మన్ ఖైదీలను, జలాంతర్గాముల నావికులతో సహా, ఇక్కడికి తెచ్చి ప్రశ్నించారు. వాళ్ళ గదుల గోడల్లో మైకులు. ప్రశ్నించినవాళ్ళలో చాలామంది హిట్లర్‌కు భయపడి జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన యూదు యువకులు. యుద్ధం అయ్యాక భవనాలన్నీ పడగొట్టేశారు, అక్కడ పనిచేసినవాళ్ళు దశాబ్దాల పాటు ఇంట్లో కూడా నోరు విప్పలేదు. ఇప్పుడు చూడ్డానికి ఒక జెండా స్తంభం, ఫలకం, ఇంతే. అందుకని కథ ముందే చదువుకుని వెళ్ళండి, లేకపోతే అది మామూలు గడ్డిమైదానం. పిల్లలు గడ్డిలో ఆడితే ఇంటికొచ్చాక కాళ్ళు, చెవుల వెనక చూడండి, పిడుదుల్లాంటి టిక్స్ పట్టుకుంటాయి.

ఈ మూడిట్లో ఒకటే చెప్పమంటే ఆక్స్ హిల్. అది ఉడ్వార్ హాజీకి ఇరవై నిమిషాల దూరం, దారిలో కలిసొస్తుంది. ఫోర్ట్ హంట్ మౌంట్ వెర్నన్ రోజున కలుపుకోండి, పులిహోర డబ్బాలు విప్పడానికి బల్లలు కూడా ఉంటాయి. సెయింట్ మేరీస్‌ను సైన్యం మ్యూజియంతో కలపొచ్చు.

కౌంటీ దాటాలా

పుస్తకాల్లో చదివినట్టు ఫిరంగులు, విశాలమైన మైదానం, చెక్క కంచెలు కావాలంటే ఫెయిర్‌ఫాక్స్‌లో దొరకవు. బుల్ రన్ వాగు దాటి పక్కనున్న ప్రిన్స్ విలియం కౌంటీలోని మనాసస్‌కు వెళ్ళాల్సిందే. సెంటర్‌విల్ నుంచి పావుగంట. 1861 జూలై 21న అంతర్యుద్ధంలో మొదటి పెద్ద పోరాటం అక్కడ జరిగింది, మరుసటి ఏడాది ఆగస్టు 28 నుంచి 30 దాకా రెండోది. ప్రవేశం ఉచితం. హెన్రీ హిల్ చుట్టూ ఒక మైలు నడక సరిపోతుంది, ఎండలో మాత్రం నీడ ఉండదు.

సెంటర్‌విల్‌లో ఉండేవాళ్ళకు ఒక సరదా సంగతి. ఆ మొదటి యుద్ధం రోజున వాషింగ్టన్ నుంచి పెద్దమనుషులు, పార్లమెంటు సభ్యులు బగ్గీలు కట్టుకుని, తినుబండారాల బుట్టలతో తిరనాళ్ళకు వచ్చినట్టు మన సెంటర్‌విల్ మిట్టల మీదికి వచ్చారు. ఐదు మైళ్ళ దూరం నుంచి కనిపించింది పొగే. సాయంత్రానికి సైన్యం వెనక్కి పారిపోతుంటే ఆ బగ్గీలు దారికి అడ్డం పడ్డాయి. న్యూయార్క్ సభ్యుడు ఆల్‌ఫ్రెడ్ ఈలీ శత్రువులకు దొరికిపోయాడు కూడా. ఆ చలికాలం అక్కడే దిగిన దక్షిణాది సైన్యం, ఫిరంగులు చాలక దుంగలకు నల్లరంగు పూసి గట్ల మీద నిలబెట్టింది. 1862 మార్చిలో వాళ్ళు వెళ్ళిపోయాక గానీ అవి దుంగలని ఉత్తరాదివాళ్ళు తేల్చుకోలేదు. ఇప్పుడు ఆ గట్లు చాలావరకు మన ఇళ్ళ కింద ఉన్నాయి.

దారులు అడిగేటప్పుడు ఒక మాట. రూట్ 29ని పాత గైడ్లు లీ హైవే అంటాయి, ఆ దక్షిణాది సేనాని లీ పేరే. 2022లో కౌంటీ బోర్డు ఆ పేరు తీసేయాలని నిర్ణయించింది, పాత బోర్డులు మార్చి నంబరుతో పెట్టారు. పిల్లలు ఎందుకు మార్చారని అడిగితే, మౌంట్ వెర్నన్‌లో ఆ పేరులేని శ్మశానం చూపించి ఉంటే చెప్పడం తేలిక.

ఇక జూలై, ఆగస్టుల్లో ఆరుబయటి చోట్లకు పొద్దున పదింటిలోపే వెళ్ళాలి. మధ్యాహ్నం విజయవాడ ఉక్కపోత, సాయంత్రం ఉరుముల వాన. అక్టోబరులో ఆకులు రంగు మారాక మౌంట్ వెర్నన్‌కు సాటి లేదు. డిసెంబరు, జనవరిలో వచ్చినవాళ్ళకు రెండు పెద్ద మ్యూజియాలే దిక్కు. మ్యూజియాల్లో శాకాహారులకు దొరికేది తక్కువ. మేము తినేది కారులో పెట్టుకుని, మధ్యలో బయటికొచ్చి తిని మళ్ళీ లోపలికి వెళ్తాం. ఉచిత ప్రవేశం వల్ల ఈ సుఖం ఉంది.

వారం మధ్యలో మనం ఆఫీసుకు వెళ్ళిపోతే ఇంట్లో టీవీ ముందు కూర్చునే నాన్నలకు ఒక దారి: ఫెయిర్‌ఫాక్స్ కనెక్టర్ 983 నంబరు బస్సు ఉడ్వార్ హాజీ దాకా వెళ్తుంది. మొదటిసారి మీరు తోడెళ్ళి స్టాపు చూపించండి, తిరుగు బస్సు టైములు కాగితం మీద రాసి జేబులో పెట్టండి. మా నాన్న రెండోసారి వచ్చినప్పుడు అలా నాలుగుసార్లు వెళ్ళాడు. మిగ్-21 దగ్గర ఒక రిటైర్డ్ అమెరికన్ వాలంటీరుతో స్నేహం కూడా కలుపుకున్నాడు. ఇద్దరూ ఏ భాషలో మాట్లాడుకున్నారో నాకు ఇప్పటికీ తెలీదు.